పోలన రెండో విన్నపం

పుట్టి సరస్సు సగం దాటిందో లేదో మొసలి తల పైకెత్తింది. అది మామూలు మొసలి కాదు, మాంత్రికుడు జృంభకుడు ముద్దుగా పెంచుకుంటున్న మొసలి. మెడలో పచ్చల పతకం, ముక్కుకు బంగారు కడియం, నొసట కుంకుమ బొట్టు. పళ్ళు మాత్రం అన్ని మొసళ్ళకూ ఉండేవే. పోలన తెడ్డెత్తి దాని నెత్తి మీద ఒక్కటిచ్చాడు. అది గిర్రున తిరిగి తోకతో పుట్టిని కొట్టింది. పుట్టి మూడు చుట్లు తిరిగింది. నాలుగో చుట్టులో మొసలి మూతి దగ్గరికి రాగానే పోలన వంగి, పుట్టికున్న తాడు కొసను ఆ ముక్కు కడియంలో దూర్చి గట్టిగా ముడేశాడు. జన్మలో ముక్కుతాడు ఎరగని ఆ మొసలి బెదిరిపోయి, ప్రాణభయంతో ఇంటికి పరుగు తీసింది. దాని ఇల్లు మౌనదుర్గం. పోలన వెళ్ళవలసిందీ అక్కడికే. పొద్దు గుంకే వేళకు చేరవలసినవాడు ఇంకా పొద్దుండగానే కోట మెట్లకు తగిలాడు.

ఇంత సాహసం చేసిన మనిషి ఎవరో అనుకునేరు! ఏడాది కిందటిదాకా ఒట్టి కవి. కవి అంటే ఎలాంటి కవి? వాచాలపురంలో ఉద్దండ భట్టు గారి పాఠశాలలో తయారైన కవి. ఆ పాఠశాల గొప్పతనం మీకు తెలియాలి. అక్కడ ఏడేళ్ళు చదివినవాడు "ఆకలేస్తోంది" అని చెప్పడానికి నాలుగు పద్యాలు తీసుకుంటాడు. అయిదో పద్యం మొదలుపెట్టేలోగా పక్కవాడు అన్నం తినేసి చెయ్యి కడుక్కుంటాడు. పని మాట ముందే చెప్పడం పామరత్వమని భట్టుగారి సిద్ధాంతం. విన్నపం రాస్తే అసలు సంగతి నూరో పద్యం దాటాకే రావాలి. ముందే వస్తే బెత్తంతో రెండు తగిలించేవాడు. ఆయన శిష్యులు పద్దెనిమిది సంస్థానాల్లో కొలువులు చేస్తున్నారు. ఆ పద్దెనిమిది సంస్థానాలకూ వాళ్ళ విన్నపాల వల్ల ఒక్క పనీ జరగలేదు. అయినా ఏటేటా శాలువాలు కప్పించుకుంటూనే ఉన్నారు.

పోలన సొంత ఊరు నీలవేణి ఒడ్డున తెప్పలగూడెం. పడవలవాళ్ళ పల్లె. తల్లీతండ్రీ లేరు. అన్న బయ్యన తెడ్డు వేసి తమ్ముణ్ణి పెంచాడు, తెడ్డు వేసి చదివించాడు. అక్షరం ముక్క రాదు గానీ, "మావాడు కవి" అని రేవులో దిగిన ప్రతివాడికీ చెప్పేవాడు.

అలా ఉండగా జృంభకుడు మంత్రం వేసి నీలవేణికి అడ్డుకట్ట కట్టాడు. నీళ్ళన్నీ అతని కోట చుట్టూ సరస్సై నిలిచాయి. తెప్పలగూడెం పడవలు ఇసకలో కూలబడ్డాయి. మాంత్రికుడు దుర్మార్గుడే కానీ ధర్మాత్ముడని పేరు తెచ్చుకోవాలని మహా కోరిక. అందుకని మూడు వందల ఏళ్ళ కిందటే కోట గుమ్మం మీద ఇంత పొడుగు రాతి పలక చెక్కించాడు: "ఎవరైనా విన్నపం తేవచ్చు. మా ద్వారపాలిక దీర్ఘకర్ణి ఒక విన్నపాన్ని చివరిదాకా విని సరే అనేవరకు కన్నుమూయదు. ఆమె సరే అన్నది జరిగి తీరుతుంది. ఆమె ఆవలిస్తే మాత్రం చదివేవాడు ఆవలింతకు జానెడు చొప్పున రాయి అవుతాడు."

పడవలవాళ్ళు పోలనను విన్నపం రాయమన్నారు. రాశాడు. నూట ఎనిమిది పద్యాలు. రాసినవాడు మోసుకుపోవడం కవులకు నామోషీ, చదివి వినిపించేవాడు వేరే ఉండాలట. నేను వెళ్తానన్నాడు బయ్యన. చదువురానివాడు నూట ఎనిమిది పద్యాలూ తమ్ముడి నోటి వెంట విని, రెండు నెలలు కూర్చుని వల్లె వేశాడు. వెళ్ళాడు. డెబ్బై మూడో పద్యం దగ్గర కనుబొమ్మల దాకా రాయి అయిపోయాడు. కళ్ళు ఒక్కటే మిగిలాయి. ఏడాది తిరిగేసరికి ఆ కళ్ళు కూడా బిగుసుకుపోతాయి, ఆ తరవాత ఏ మంత్రమూ పనిచేయదు. ఆ ఏడాది ఈ రోజు పొద్దు గుంకగానే పూర్తవుతుంది.

అన్న అలా అయ్యాడని తెలిసిన నాడు పోలన భట్టుగారి దగ్గరికి పరిగెత్తాడు. ఆయన విన్నపం ప్రతి తిరగేసి, "అరవై రెండో పద్యంలో యతి కొంచెం సడలింది. అందుకే అయ్యుంటుంది" అన్నాడు. అని తాంబూలం వేసుకున్నాడు. పోలన ఆయన ముందే తన శాలువా తీసి పెరట్లో ఆవు మీద కప్పి వచ్చేశాడు. ఆ శాలువాకు అదే తగిన చోటని నా అభిప్రాయం.

కొండ అవతల మాచసాని అని ఒక ముసలామె ఉందని విన్నాడు. ముప్పై ఏళ్ళు ముగ్గురు రాజుల దగ్గర రాయబారం చేసిన మనిషి. ఎదుటివాణ్ణి ఒప్పించే వాక్కు శాస్త్రం ఆమెకు తెలిసినంత ఈ చుట్టుపట్ల ఎవరికీ తెలియదు. పోలన వెళ్ళి ఆమె కాళ్ళ మీద పడి, విన్నపం మొదటి పద్యం చదివాడు. అందులో జృంభకుడి మీసం నీలమేఘం, ముఖం చంద్రబింబం, కంఠం మేఘగర్జన.

"నాయనా, నీళ్ళు కావాలని ఎన్నో పద్యంలో అడిగావు?" అంది మాచసాని.

"నూట నాలుగో పద్యంలో, అవ్వా."

"మీ అన్న రాయి అయింది?"

"డెబ్బై మూడులో."

"అంటే మీ అన్న ఎందుకొచ్చాడో అక్కడ ఎవరికీ తెలియదన్నమాట. ఎందుకు రాశావురా మరి ఇదంతా? నీ ముచ్చట తీర్చుకోవడానికా?"

పోలన చేతిలోని కట్ట కింద పెట్టి, మర్నాటి నుంచే ఆమె దగ్గర పాఠం మొదలుపెట్టాడు. 

ఆ ఊళ్ళో గవరయ్య అని గానుగ ఆడించే అతనున్నాడు. మాచసాని శిష్యుడు ఏది రాసినా వెళ్ళి గవరయ్యకు వినిపించాలి. గవరయ్య ఎద్దును ఆపి "ఆ తరవాత?" అంటే పాఠం వచ్చినట్టు. ఎద్దు తిరుగుతూనే ఉంటే రాసిన తాటాకు చింపి పొయ్యిలో పెట్టాలి. మొదటి మూడు నెలలూ గవరయ్య నూనె బాగా దిగిందే తప్ప పోలన పాఠం ముందుకు సాగలేదు. ఒకనాడు వసంత వర్ణన వినిపిస్తుంటే ఎద్దు ఆగింది. పోలన పొంగిపోయాడు. తీరా చూస్తే గవరయ్యా ఎద్దూ ఇద్దరూ నిద్రపోతున్నారు.

నాలుగో నెలలో, తాగడానికి నీళ్ళు లేక తెప్పలగూడెం ఆడవాళ్ళు ఇసకలో చెలమ తవ్విన సంగతి అయిదు వాక్యాల్లో రాసి తీసుకెళ్ళాడు. గవరయ్య ఎద్దును ఆపాడు. "నీళ్ళు పడ్డాయా?" అని అడిగాడు. ఆ రోజు పోలన ఇంటికి వచ్చి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడేళ్ళలో అతను రాసింది విని ఒక మనిషి ఏదైనా అడగడం అదే మొదటిసారి.

తరవాత మాచసాని పగవాడి పక్షం రాయమంది. జృంభకుడు నీళ్ళు ఆపడం న్యాయమేనని అతని తరఫున రాయాలి. పోలనకు ఒళ్ళు మండింది. అయినా రాశాడు. అది అయ్యాక దీర్ఘకర్ణి తరఫున రాయమంది. ఆ రాక్షసి క్రూరురాలు, మనుషులు రాళ్ళవుతుంటే చూసి ఆనందిస్తుందని రాశాడు. మాచసాని ఆ ఆకును ముక్కలు చేసింది.

"ఇది నీ కోపం. ఆమె మాట ఏదిరా? ఆమె కుర్చీలో కూర్చుని రాసుకు రా, ఫో" అంది.

ఎలా కూర్చోవాలో పోలనకు ఒకటే దారి తోచింది. మారువేషం వేసుకుని వాచాలపురం వెళ్ళి, భట్టుగారి సభలో తొమ్మిది రోజులు రాత్రింబవళ్ళు వరసగా కావ్యగానం విన్నాడు. రెండో రోజుకు ఆవలింతలు మొదలయ్యాయి. నాలుగో రోజుకు ఎదుట ఉన్నవాళ్ళు ఇద్దరిద్దరుగా కనిపించారు. తొమ్మిదో రోజున, తల తిరుగుతూ, ఒక్క సంగతి బోధపడింది. తను ఆవలిస్తున్నది కోపంతో కాదు, నిద్ర లేక. గుమ్మం మీది పలకలో ఏముంది? విన్నపం చివరిదాకా విని సరే అనేవరకు ఆమె కన్నుమూయదని! అందరూ దాన్ని మాంత్రికుడి గొప్పగా చదివారు. అది ఆమెకు పడిన శిక్ష అని ఒక్క కవికీ తట్టలేదు. కవులకు తమ పద్యం తప్ప ఎదుటి మనిషి ఎప్పుడు కనిపించింది కనక!

ఆ రాత్రే బయలుదేరి వచ్చి, గడువు ముంచుకొస్తున్నది అన్నకు గనక నీళ్ళ మాట తరవాతి సంగతి అనుకుని, ఒక తాటాకు రాశాడు. మాచసాని చదివి, మొదటి వాక్యం మీద గంటంతో గీత కొట్టి, "మిగతాది బాగుంది" అంది. ఆమె నోట ఆ మాట వినడానికి పదకొండు నెలల పాతిక రోజులు పట్టింది.

ఇప్పుడు మళ్ళీ కోట మెట్ల దగ్గరికి రండి.

గుమ్మంలో ఇద్దరు భూతాలు, గుండుడూ దండుడూ, ఇంత పెద్ద త్రాసు వేలాడదీసి నిలబడ్డారు. విన్నపం అయిదు వీశెలు తూగితే తప్ప లోపలికి పంపరు. తేలిక విన్నపం తెస్తే ప్రభువును తేలిక చేసినట్టట! పోలనకు ఈ సంగతి ముందే తెలుసు. అందుకే జరీ శాలువా, నుదుట ఇంత వెడల్పు గంధం, చెవులకు కుండలాలు పెట్టి మహాకవి వేషంలో వచ్చాడు. పట్టుగుడ్డలో చుట్టిన మూట త్రాసులో పెట్టాడు. త్రాసు దబ్బున కిందికి దిగింది.

"ఏడు వీశెలు!" అన్నాడు గుండుడు కళ్ళు పెద్దవి చేసి. "ఎన్ని పద్యాలు స్వామీ?"

"లెక్క పెట్టే అలవాటు మాకు లేదు" అన్నాడు పోలన తల ఎగరేసి.

భూతాలు ఒంగి ఒంగి దణ్ణాలు పెట్టి దారి వదిలారు. మూటలో ఉన్నది గవరయ్య ఇంటి తిరగలి రాయి. దాని మీద ఒకే ఒక్క తాటాకు. మంచి రచన బరువును బట్టి తెలుస్తుందనుకునే మూర్ఖులు భూతాల్లోనే కాదు, మనుషుల్లోనూ బోలెడుమంది ఉన్నారు.

లోపల సభామంటపం. పగడాల స్తంభాలు, వైడూర్యాల తోరణాలు, నెమలి పురులు విప్పినట్టు రంగురంగుల గాజు కిటికీలు, నేలంతా పాలరాయి, ఆ పాలరాతిలో బంగారు తీగెలతో అల్లిన మల్లెపొదలు. ఆ అందం మధ్య వరసలు వరసలుగా నాలుగు వందల రాతి మనుషులు, నోళ్ళు తెరిచి, చేతుల్లో తాటాకుల కట్టలతో నిలబడి ఉన్నారు. ఒక్కొక్కడి వెనకా ఇంట్లో భద్రంగా శాలువా కప్పుకు కూర్చున్న కవి ఒకడున్నాడు.

చివరి వరసలో బయ్యన. అతని చేతుల్లో ఆకులు కూడా లేవు, కంఠస్థం కదా. కనుబొమ్మల దాకా నల్లరాయి. ఆ రాతి మధ్య రెండు కళ్ళు మాత్రం తడిగా కదులుతున్నాయి. తమ్ముణ్ణి చూసి అవి పెద్దవయ్యాయి.  కిటికీ గాజులో పొద్దు ఎర్రబడుతోంది.

మంటపం మధ్య రాతి పీఠం మీద దీర్ఘకర్ణి కూర్చుని ఉంది. తాటిచెట్టంత మనిషి. చెవులు భుజాల మీంచి జారి నేల మీద పడి ఉన్నాయి. కళ్ళు నిప్పుకణికల్లా ఉన్నాయి, వాటి కింద ఇంతేసి నల్లటి సంచులు.

"ఎన్ని పద్యాలు?" అంది, మనిషి వంక చూడకుండానే.

"పద్యాలు కావు."

"సరేలే. మా ప్రభువును దేంతో పోల్చావు? సూర్యుడా, సింహమా?"

"ప్రభువుకు కాదు, నీకు రాశాను."

రాక్షసి తల తిప్పి చూసింది. పోలన తాటాకు ఎత్తాడు. ఇక్కడ ఈ మహానుభావుడు చేసిన పని చెప్పాలంటే నాకు సిగ్గుగా ఉంది. మాచసాని కొట్టేసిన ఆ మొదటి వాక్యం ఉంది చూశారూ, దాన్ని దారిలో మళ్ళీ రాసుకున్నాడు! వదులుకోలేకపోయాడు. అంత బాగా కుదిరిందని తన నమ్మకం.

"మేరుశిఖరం మీద ఆరవేసిన వెన్నెల దుప్పట్ల వంటి కర్ణములు గల ఓ దీర్ఘకర్ణీ..."

రాక్షసి ఆవలించింది.

పోలన ఎడమ పాదం చల్లబడింది. చూస్తుండగానే వేళ్ళూ మడమా చీలమండా రాయి అయిపోయాయి. చివరి వరస నుంచి అన్న కళ్ళు ఆత్రంగా అటూ ఇటూ తిరుగుతున్నాయి.  చదువుకున్నదంతా ఇదేనా అని పోలనకు తన మీద తనకే అసహ్యం వేసింది. నడుముకున్న చిన్న కత్తి తీసి, తాటాకులో ఆ వాక్యం ఉన్నంత మేర కోసి అవతల పారేశాడు. మిగిలినది చదివాడు.

"దీర్ఘకర్ణీ, నా పేరు పోలన. ఆ చివర నిలబడ్డవాడు మా అన్న బయ్యన. అతను నీకు వినిపించిన డెబ్బై మూడు పద్యాలూ నేను రాసినవి. తప్పు చేసింది నేను, రాయి అయింది అతను.

"నువ్వు మా మీద కోపంతో ఆవలించడం లేదు. మూడు వందల ఏళ్ళుగా నీకు నిద్ర లేదు. ఒక్క విన్నపం చివరిదాకా వింటే పడుకోవచ్చు. ఆ ఒక్కటీ ముగించకుండా సాగదీసినవాళ్ళం మేము, రాసేవాళ్ళం. నిన్ను ఇన్నాళ్ళూ మేలుకోబెట్టింది మీ ప్రభువు ఒక్కడే కాదు.

"ఇదే చివరి మాట. మా అన్నను వదిలిపెట్టు, తల్లీ. వెళ్ళి పడుకో."

 దీర్ఘకర్ణి రెండు చెవులూ నేల మీంచి మెల్లగా పైకి లేచాయి.

"అయిపోయిందా?" అంది, నమ్మలేనట్టు.

"అయిపోయింది."

రాక్షసి కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. ముంజేత్తో తుడుచుకుంది.

"మీ అన్నకు మోకాళ్ళ దాకా రాయి అయినప్పుడే చెప్పాను, ఒరేయ్, చాలించి వెనక్కి పో, వదిలేస్తాను అని. నడుం దాకా అయ్యాక మళ్ళీ చెప్పాను. వినలేదు. 'మా తమ్ముడు రాసింది, సగంలో ఆపను' అన్నాడు" అంది. "సరే. విడుదల మంత్రానికి మూడు మాటలు. తలకొకటి, ఒంటికొకటి, కాళ్ళకొకటి. ఇదిగో."

మొదటి మాట అంది. బయ్యన ముఖం మీద రాయి పెచ్చులుగా రాలింది. రెండో మాట అంది. మెడ, ఛాతీ, చేతులు కదిలాయి. మూడో మాటకు నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. మూడు వందల ఏళ్ళ నిద్ర ఒక్కసారిగా వచ్చి మీద పడింది. దీర్ఘకర్ణి పీఠం మీంచి పక్కకు ఒరిగి, తన చెవి తానే కప్పుకుని గురక పెట్టింది. కిటికీ గాజులు గలగలలాడాయి.

బయ్యనకు మోకాళ్ళ కింద ఇంకా రాయే! అది చాలదన్నట్టు, అతను నోరు కదలగానే, ఏడాది గడిచిన సంగతే తెలియనట్టు, ఆగిన చోటి నుంచి అందుకున్నాడు.

"భూరి భుజంగ భూషణ సమాన భుజార్గళ..."

దీర్ఘకర్ణి నిద్రలోనే ఆవలించింది, మోకాళ్ళ నుంచి రాయి మళ్ళీ పైకి, తొడల మీదికి పాకింది! పోలన కుంటుకుంటూ పరిగెత్తి అన్న నోరు గట్టిగా మూసేశాడు.

"ఆపన్నా! ఇంక చదవకు. అయిపోయింది."

అప్పుడే లోపలి నుంచి పిడుగు పడినట్టు ఒక గొంతు. "ఎవడురా అది? ఒక్క పద్యమైనా నన్ను పొగడకుండా విన్నపం చదివి సరే అనిపించుకున్నవాడు?" జృంభకుడు లేచాడు. తలుపులు వాటంతట అవే మూసుకోవడం మొదలుపెట్టాయి.

పోలన అన్నను వీపున వేసుకున్నాడు. మనిషి బరువు ఒక ఎత్తు, తొడల దాకా రాయి బరువు ఇంకో ఎత్తు. తన ఎడమ పాదం కూడా రాయే. తూలుతూ, పళ్ళు బిగించి, రాతి మనుషుల వరసల మధ్య నుంచి ఈడ్చుకుంటూ నడిచాడు. గుమ్మంలో గుండుడూ దండుడూ అడ్డం వచ్చారు. బయ్యన తమ్ముడి వీపు మీంచే త్రాసు గొలుసు అందుకుని గిరగిరా తిప్పి ఇద్దరి నెత్తినా ఒకేసారి మోదాడు. మూసుకుంటున్న తలుపుల సందులోంచి అన్నదమ్ములు బయటపడి, మెట్ల మీద దొర్లి, పుట్టిలో పడ్డారు. పోలన మొసలి తాడు కోసేశాడు. పుట్టి అంచు దాకా నీళ్ళల్లో దిగింది. ఇంకో గుప్పెడు బరువు పడితే మునిగేదే.

"తెడ్డు ఇలా తే. తెడ్డు వేయడానికి కాళ్ళతో పనేముంది!" అన్నాడు బయ్యన. పుట్టి ఒడ్డు వదిలింది. వెనక కోట బురుజు మీద జృంభకుడు చేతులెత్తి ఏదో గొణిగాడు. బురుజు మీది రాతి గండభేరుండం రెండు తలలూ విదిలించుకుని గాలిలోకి లేచింది.

పోలనకు అది కనిపించనే లేదు. అన్న తొడల రాయి వంకే చూస్తున్నాడు.

"అన్నా, ఆ పద్యాలు బాగాలేవు" అన్నాడు.

"తెలుసురా."

"ఎప్పటి నుంచి?"

"మొదటి పద్యం నుంచి. మీసాన్ని మబ్బు అన్నావు చూడు, అప్పుడే. నువ్వు వల్లె వేయిస్తుంటే రెండు నెలలూ నిద్ర ఆపుకోలేక చచ్చాను."

"మరి ఆమె ఆపమన్నప్పుడు ఎందుకు ఆపలేదు?"

బయ్యన తెడ్డు ఒక పోటు వేశాడు.

"ఆపి ఇంటికొస్తే, ఎందుకు ఆపావన్నా అని అడుగుతావు. నీ మొహం చూస్తూ ఆ మాట నేను చెప్పగలనా? దానికంటే రాయి కావడమే తేలికనిపించింది."

 పైన పొద్దును మూసేస్తూ నీడ పడింది. గండభేరుండం రెక్కలు ముడిచి సూటిగా పుట్టి మీదికి దూకుతోంది. బయ్యన తెడ్డును రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు.